రమ్మని ఉత్తరం వచ్చింది, వెళ్లకపోతే తప్పా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నాకు 33 ఏళ్లు, నాలుగేళ్ల బాబు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌ని ముందే కనిపెట్టడానికి స్మియర్ టెస్ట్ (ముఖద్వారం నుంచి నమూనా తీసే పరీక్ష) చేయించుకోమని జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గర నుంచి ఇప్పటికి మూడుసార్లు ఉత్తరాలు వచ్చాయి. వెళ్లలేదు. కాన్పుకి మన ఊరు వచ్చినప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. నొప్పులు పడుతుంటే నలుగురైదుగురు వరసగా వచ్చి లోపలి పరీక్ష చేశారు. ఎవరూ పేరు చెప్పలేదు, చేయనా అని అడగలేదు. నేను అరిస్తే ‘అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు’ అందొకావిడ. అప్పటి నుంచి ఆ పరీక్ష చేసే బల్ల తలుచుకుంటేనే వణుకు. మొన్న బాబుకి జ్వరమని వెళితే రిసెప్షన్ అమ్మాయి క్యూలో అందరి ముందూ ‘మీ స్మియర్ ఓవర్‌డ్యూ’ అంది. మా ఆయన ‘ఫ్రీగా చేస్తామంటే నీకేం బాధ, బాధ్యత ఉండక్కర్లా’ అంటారు. స్నేహితురాలు ‘బాబు కోసమైనా వెళ్లు’ అంటోంది. అత్తయ్య గారేమో ‘మన ఇళ్లల్లో అలాంటి జబ్బులు రావు, నీకెందుకా అనుమానం’ అన్నారు. ఏ జబ్బూ లేని మనిషి పరీక్ష వద్దు అనకూడదా? వద్దంటే వైద్యానికో వీసాకో ఏమైనా ఇబ్బందా? ఇంకో మాట. మా అమ్మకి 57. పదిహేనేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. ఊళ్లో క్యాంప్ పెట్టి ఇదే పరీక్ష చేయించుకోమంటున్నారట. చేయించుకోవాలా?

జవాబు: అనొచ్చమ్మా. వద్దు అనొచ్చు. ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు, సారీ చెప్పుకోవడం అంతకన్నా అక్కర్లేదు. మీకొచ్చింది ఆహ్వానమే కానీ నోటీసు కాదు. ఆ ఉత్తరంతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో కూడా చేయించుకోవాలో వద్దో మీ ఇష్టమనే రాసి ఉంటుంది, తీసి చూడండి. వీసాకి దీనికి ఏ సంబంధమూ లేదు. రేపు మీకు జ్వరమొచ్చినా, మళ్లీ కడుపు పండినా, ఇంకే జబ్బు వచ్చినా, ఈ టెస్ట్ చేయించుకోలేదని అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎవరూ వైద్యం ఆపరు. ఉత్తరాలే వద్దనుకుంటే జీపీకి చెప్పి, వాళ్లిచ్చే ఫారం మీద సంతకం పెడితే పిలుపుల జాబితాలోంచి పేరు తీసేస్తారు. మనసు మారితే మళ్లీ చేరొచ్చు. ఆ సంతకం మీదే అవ్వాలి. మీ ఆయన పెట్టడానికి లేదు, ‘మా ఆవిడ వస్తుంది’ అని ఆయన అపాయింట్‌మెంట్ బుక్ చేసినా మీరు వెళ్లి తీరాలని లేదు.

రిసెప్షన్‌లో ఆ అమ్మాయి అందరి ముందూ అనడం పొరపాటే. అయితే వాళ్లు ఎందుకంత వెంటపడతారో కూడా తెలిస్తే మీ మనసు కొంత తేలికపడుతుంది. అక్కడి జీపీ క్లినిక్‌లకి ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బులో కొంత భాగం, వాళ్ల దగ్గర నమోదైన ఆడవాళ్లలో ఎంత శాతం మందికి ఈ టెస్ట్ అయిందన్న లెక్కతో ముడిపడి ఉంటుంది. అందుకే కంప్యూటర్ తెరవగానే మీ పేరు పక్కన ఓవర్‌డ్యూ అని కనిపిస్తుంది, ఆ అమ్మాయి చదివేస్తుంది. మీ మీద కోపం కాదది. ఈసారి అలా అంటే ‘దీని గురించి నర్స్‌తో విడిగా మాట్లాడతాను, ఇక్కడ కాదు’ అనండి చాలు. ఇంగ్లాండ్‌లో పిలుపు వచ్చిన వాళ్లలో దాదాపు మూడో వంతు మంది టెస్ట్ బాకీ ఉన్నవాళ్లే. అందులో అక్కడ పుట్టి పెరిగిన తెల్లమ్మాయిలు బోలెడంత మంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వద్దంటున్నది ఆ పరీక్షనా, ఆ బల్లనా? నాకైతే బల్లనే అనిపించింది. ఆ కాన్పు గదిలో మీకు జరిగింది వైద్యం పేరుతో జరిగిన అన్యాయం. నొప్పులు ఎంత దూరం వచ్చాయో చూడటానికి లోపలి పరీక్ష అవసరమే, కానీ ఒకే మనిషికి వరసగా నలుగురైదుగురు చేయడమంటే అందులో చాలా వరకు నేర్చుకునేవాళ్ల కోసం చేసిందే. నేర్చుకోవాలి నిజమే, నేనూ అలాగే నేర్చుకున్నాను. ‘అమ్మా, నేను ఫలానా, చూడొచ్చా’ అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? ఇక ఆ సిగ్గు మాట. మన కాన్పు గదుల్లో అది తరాలుగా నలుగుతున్న మాట. సీనియర్ నర్స్ దగ్గర జూనియర్ నేర్చుకుంటుంది, ఆయా కూడా నేర్చుకుంటుంది. దాన్ని విన్న ఆడవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత తెల్లబట్టకి కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండిపోయారో లెక్క తీసేవాళ్లు లేరు.

అడక్కుండా చేయడం మన దగ్గర ఎంత మామూలో చెప్పడానికి రెండు సంగతులు చెబుతాను. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆవిడ 1995లో రక్తస్రావం ఎక్కువగా ఉందని వెళితే, కారణం తెలుసుకోవడానికి మత్తిచ్చి లాపరోస్కోపీ, అంటే పొట్టలో చిన్న గాటు పెట్టి గొట్టంతో లోపల చూసే పరీక్ష, చేశారు. ఆవిడ ఇంకా మత్తులో ఉండగానే, బయట కూర్చున్న ముసలి తల్లిని ఒప్పించి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 జనవరిలో తీర్పు వచ్చింది. తమ నిర్ణయం తాము తీసుకోగలిగిన పెద్దవాళ్లు కాసేపు మత్తులో ఉన్నా వాళ్ల తరపున, ప్రాణం మీదికి వస్తే తప్ప, తల్లైనా సరే ఒప్పుకోవడానికి లేదని, జబ్బేంటో చూడటానికి ఇచ్చిన అనుమతి వైద్యం చేయడానికి ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చి చెప్పింది. రెండోది మన ఖమ్మం జిల్లాలో జరిగింది. ఇదే క్యాన్సర్‌ని ఆపే హెచ్‌పీవీ టీకాని 2009లో అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకి ఒక అధ్యయనం కింద వేశారు. చాలామంది హాస్టల్ పిల్లలు, గిరిజనుల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. టీకా మంచిదే, నేను అందరికీ వేయించమనే చెబుతాను. అయినా 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాల తీరుని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకా కదా అని అడగడం మానేశారు, ఆ తర్వాత మంచి టీకా అన్నా జనం నమ్మలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘వద్దంటే తప్పా’ అని మీరు భయపడుతూ అడిగారు. వద్దనే హక్కు గట్టిగా ఉన్నచోటే ఈ పరీక్షకి విలువ ఉంటుందని నా అభిప్రాయం. అందుకని మీ ఆయన అన్న బాధ్యత మాటతో నేను ఏకీభవించను. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన ఒంటిని పరీక్షకి అప్పగించడం భర్తకో, బిడ్డకో, ప్రభుత్వానికో తీర్చాల్సిన బాకీ కాదు. బాబు కోసమైనా అన్న మాట ప్రేమతో అన్నదే, కానీ తల్లి మెడ మీద పెట్టడానికి అంతకంటే బరువైన రాయి లేదు. ఆ రాయి పక్కన పెట్టి ఆలోచిద్దాం.

ఇప్పుడు ఆ పరీక్ష ఏంటో చూడండి. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ దాదాపు అన్నీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తాయి. అందులో 16, 18 అనే రెండు రకాలే పదింటిలో ఏడింటికి కారణం. వైరస్‌కి ఈ క్యాన్సర్‌కి సంబంధం కనిపెట్టినందుకే జర్మనీ డాక్టర్ హరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందిలోనే కణాలు మారి, అది కూడా నిదానంగా, క్యాన్సర్ దాకా వెళుతుంది. ఇంగ్లాండ్‌లో 2019 చివరి నుంచి ముందు వైరస్ ఉందా లేదా అనే చూస్తున్నారు. లేకపోతే అక్కడితో సరి. పరీక్షకి వెళ్లిన 100 మందిలో సుమారు 87 మందికి వైరస్ కనపడదు. 9 మందికి వైరస్ ఉంటుంది కానీ కణాలు బాగానే ఉంటాయి, ఏడాదికి మళ్లీ రమ్మంటారు. నలుగురిని మాత్రం కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో చూడటానికి పంపుతారు. ఆ నలుగురిలో కూడా క్యాన్సర్ ఉండేది అరుదు. ఈ పరీక్ష మీద నమ్మకం పెరిగింది కాబట్టే, 2025 జులై నుంచి వైరస్ లేదని తేలిన 25 నుంచి 49 ఏళ్ల వాళ్లని మూడేళ్లకి బదులు అయిదేళ్లకోసారే పిలుస్తున్నారు. ఆ అయిదేళ్ల లెక్క వైరస్ లేదని ఒకసారి తేలినవాళ్లదే అయినా, ఇది నిదానంగా పెరిగే జబ్బు కాబట్టి కొంత ఆలస్యమైనంత మాత్రాన కొంప మునిగిపోలేదు. టెన్షన్ పడకండి.

లాభమెంత? ఇంగ్లాండ్‌లో ఈ క్యాన్సర్ వల్ల జరగాల్సిన చావుల్లో 70 శాతం దాకా ఈ పరీక్షల వల్లే ఆగుతున్నాయని 2016లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఒక ముందుజాగ్రత్త పరీక్షకి ఇది చాలా పెద్ద సంఖ్య, మిగతా క్యాన్సర్ స్క్రీనింగ్‌లు దీని దరిదాపుల్లోకి రావు. అయితే పరీక్షకి వెళ్లనివాళ్లలో కూడా ఎక్కువమందికి జీవితంలో ఈ క్యాన్సర్ రాదు. రెండూ నిజమే. భయపెట్టేవాళ్లు మొదటిది చెబుతారు, మీ అత్తయ్య గారు రెండోది చెబుతారు. ఒక సంగతి మాత్రం దాచను. బ్రిటన్‌లో ఈ క్యాన్సర్ అన్నిటికన్నా ఎక్కువ రేటుతో బయటపడేది 30 నుంచి 34 ఏళ్ల వాళ్లలోనే. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడున్నారు.

నష్టం లేదా అంటే ఉంది. వైరస్ ఉందని ఉత్తరం వస్తే నెలల తరబడి నిద్ర ఉండదు. వాటంతట అవే తగ్గిపోయే మార్పులు కూడా కొన్ని పట్టుబడతాయి. మధ్యరకం మార్పుల్లో సగం దాకా రెండేళ్లలో మామూలైపోతాయి. తొందరపడి వాటికి ముఖద్వారంలో కొంత ముక్క కోసేస్తే, లోతుగా కోసినప్పుడు ఆ తర్వాతి కాన్పు నెలలు నిండకుండా జరిగే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే కాల్పోస్కోపీ డాక్టర్‌కి ఆ సంగతి ముందే చెప్పాలి.

మరి ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు మనకి తెలిసింది ఒక దుర్మార్గం వల్ల. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో హెర్బర్ట్ గ్రీన్ అనే డాక్టర్ ఉండేవాడు. తీవ్రమైన మార్పులు కూడా క్యాన్సర్‌గా మారవని ఆయన నమ్మకం. అది రుజువు చేయడానికి 1966 నుంచి కొందరు ఆడవాళ్లకి సరైన వైద్యం చేయకుండా, ఏళ్ల తరబడి పిలిచి చూస్తూ ఊరుకున్నాడు. వాళ్లకేమో తాము ప్రయోగంలో ఉన్నామని కూడా తెలియదు. తోటి డాక్టర్లే 1984లో లెక్కలు బయటపెట్టారు, 1988లో కార్ట్‌రైట్ విచారణ నివేదిక వచ్చింది. ఆ రికార్డులన్నీ మళ్లీ తిరగేసి 2008లో లెక్కేస్తే, తీవ్రమైన మార్పులకి వైద్యం అందనివాళ్లలో దాదాపు 30 శాతం మందికి 30 ఏళ్లలో క్యాన్సర్ వచ్చింది. సరైన వైద్యం అందినవాళ్లలో అది ఒక్క శాతం కూడా లేదు. నేను ఈ పరీక్ష వైపు మొగ్గేది ఈ లెక్క చూసే. ‘అడక్కుండా చేయడం’ గురించి పైన అంత గొంతు చించుకున్నదీ ఇలాంటివాళ్లని చూసే. అక్కడ ఆ ఆడవాళ్లకి వద్దు అనే అవకాశం రాలేదు, కావాలి అనే అవకాశమూ రాలేదు.

భయపెట్టి రప్పిస్తే ఎంత కాలం వస్తారో కూడా బ్రిటన్‌లో తేలిపోయింది. బ్రిటన్ రియాలిటీ టీవీ తార జేడ్ గూడీ గుర్తుందా? 2008లో మన హిందీ బిగ్ బాస్ ఇంట్లో ఉండగానే ఆమెకి ఈ క్యాన్సర్ ఉందని కబురొచ్చింది. 2009 మార్చిలో, 27 ఏళ్లకే పోయింది. ఆ ఏడాది ఇంగ్లాండ్‌లో లక్షల మంది అదనంగా టెస్ట్‌లకి పరిగెత్తారు. తర్వాత సంఖ్య మళ్లీ మెల్లగా దిగజారింది.

అత్తయ్య గారి మాటకి వస్తాను. ఇది రక్తంలో వంశపారంపర్యంగా దిగే జబ్బు కాదు కాబట్టి మన ఇళ్లల్లో రాదు అన్నదానికి అర్థం లేదు. కలయిక ద్వారా, ఒంటికి ఒళ్లు తగలడం ద్వారా సోకే వైరస్. జీవితంలో ఒక్కరే భాగస్వామి ఉన్నా సోకొచ్చు. ఆవిడ అన్న రెండో మాట, ‘నీకెందుకా అనుమానం’ అన్నది, మన ఇళ్లల్లో అసలు ముల్లు అదే. టెస్ట్ చేయించుకుంటే ఏదో తప్పు చేసినట్టు, వైరస్ ఉందని వస్తే అది శీలం మీద మచ్చ అయినట్టు. ఈ వైరస్ పదేళ్ల కిందట సోకి కూడా చప్పుడు లేకుండా ఉండి ఇప్పుడు బయటపడొచ్చు. ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. పెళ్లికి ముందు ఆయనకి ఉండి ఉండొచ్చు, ఆయనకే తెలియకపోవచ్చు. ఫలితం మీ పేరు మీదే వస్తుంది. చూపించాలో లేదో మీ ఇష్టం. ఇంట్లో ఉత్తరాలు ఎవరైనా విప్పుతారన్న భయముంటే జీపీకి ముందే చెప్పండి. ఏదైనా తేడా వస్తే ఆయన్ని కూర్చోబెట్టి ఈ పేరా చదివించండి.

ఇప్పుడు మీరు బల్ల మాత్రమే వద్దనుకుంటే దారులున్నాయి. మొదటిది, ఇంట్లో మీరే చేసుకునే కిట్. ఇంగ్లాండ్‌లో చాలాకాలంగా టెస్ట్ బాకీ ఉన్నవాళ్లకి 2026 జనవరి నుంచి ఈ కిట్లు ఇంటికే పంపుతామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. మీ వంతు ఉందేమో జీపీని అడగండి. పొడవాటి దూది పుల్లలాంటిది ఉంటుంది. బాత్రూమ్ తలుపేసుకుని, లోపలికి కొంచెం పెట్టి, తిప్పి, గొట్టంలో వేసి పోస్ట్ చేయడమే. ముఖద్వారం దాకా కూడా వెళ్లనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 2022 నుంచి కావాలన్న ప్రతి మహిళకీ ఈ పద్ధతి ఇస్తున్నారు. వైరస్‌ని పట్టడంలో నర్స్ తీసిన నమూనాకి ఏమంత తీసిపోదు. అయితే కిట్ మొదలుపెట్టేముందే ఒక ప్రశ్న వేసుకోండి. వైరస్ ఉందని వస్తే కణాలు చూడటానికి ఆ బల్ల ఎక్కక తప్పదు. అప్పుడు ఎక్కగలనా? ఎక్కలేను, ఫలితం చూసుకుని కుమిలిపోతాను అంటే ఇంకొన్నాళ్లు ఆగండి. నూటికి ఎనభై ఏడు మంది ఆ ప్రశ్న దాకా వెళ్లరన్నది కూడా లెక్కలో వేసుకోండి.

రెండోది, బల్లనే మీకు తగ్గట్టు మార్చుకోవడం. టెస్ట్ బుక్ చేయకుండా, ఉత్తినే మాట్లాడటానికని నర్స్‌తో ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి. బట్టలు విప్పే పని లేదు. కాన్పులో జరిగింది నాకు రాసినట్టే చెప్పండి. ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టమనిపిస్తే తెలుగు దుబాసీని అడగండి, ఖర్చు ఉండదు, మీ ఆయన పక్కన కూర్చుని అనువాదం చేయాల్సిన పని లేదు. పరీక్ష రోజు ఆడ నర్సే కావాలని, స్టూడెంట్లు ఎవరూ ఉండకూడదని, రెండింతల టైమ్ కావాలని అడిగి ఫైల్లో రాయించండి. స్నేహితురాలిని తలవైపు కూర్చోబెట్టుకోవచ్చు. లోపల పెట్టేది స్పెక్యులమ్ అంటారు, బాతు ముక్కులా విచ్చుకుంటుంది. అక్కడ ఎక్కువగా ప్లాస్టిక్‌వి వాడతారు, చిన్న సైజు ఉంటుంది, చిన్నదే కావాలని అడగండి. దాన్ని ముందు చేత్తో పట్టుకుని చూడండి, ఆ టక్‌మనే చప్పుడు అలవాటైతే సగం భయం పోతుంది. కావాలంటే మీరే లోపలికి పెట్టుకోవచ్చు, ఒప్పుకుంటారు. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తడం ఆ రోజుని గుర్తు చేస్తే ఎడమ పక్కకి తిరిగి పడుకుని కూడా చేయించుకోవచ్చు. మెత్తటి బ్రష్‌ని ముఖద్వారం మీద అయిదు చుట్లు తిప్పుతారు, అంతే పని. ఆపండి అంటే ఆపాలి. ముందే చెప్పుకోండి, నేను చెయ్యి ఎత్తితే ఆపేయాలని. సగంలో లేచి వచ్చేసినా మీరు ఓడిపోయినట్టు కాదు, ఇంకో రోజు చూసుకోవచ్చు. కలయికలో కూడా నొప్పి, బిగుసుకుపోవడం ఉంటే అది కూడా చెప్పండి. దానికి విడిగా వైద్యం ఉంది, ఈ టెస్ట్ కన్నా ముందు అది చేయించుకోవడం మంచిది.

రెండూ వద్దు, ఇప్పటికి ఏదీ వద్దు అనుకుంటే, అదీ సరే. ఒక్కటి మాత్రం ఆ ‘వద్దు’లో కలపకండి. కలయిక తర్వాత రక్తం కనపడటం, నెలసరికి నెలసరికి మధ్య రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, కారణం తెలియని పొత్తికడుపు నొప్పి, ఇవి ఉంటే అది స్క్రీనింగ్ విషయం కాదు, వెంటనే వెళ్లాలి. స్మియర్‌కి రాలేదు కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని ఆగిపోయేవాళ్లు ఉన్నారు. అలా ఆగిపోవద్దు. అలాగే ఇవి ఉన్నప్పుడు, మొన్ననే టెస్ట్ బాగుందని వచ్చింది కదా అని ఊరుకోవడానికీ లేదు.

ఇక అమ్మగారి విషయం. మన దగ్గర లెక్క పూర్తిగా తిరగబడి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష అయినవాళ్లు దేశం మొత్తం మీద రెండు శాతం కూడా లేరు. 2022 అంచనాల్లో ఏడాదికి లక్షా ఇరవై ఏడు వేల మందికి పైగా కొత్తగా ఈ క్యాన్సర్, దాదాపు 80,000 చావులు. మన ఊళ్లలో వద్దనే దాకా రావాలంటే ముందు ఎవరైనా వచ్చి అడగాలి కదా. మరోవైపు అదే సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతంలో దేశంలో మొదటి రెండు స్థానాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. తెల్లబట్ట అవుతోందని వెళితే, ముఖద్వారం కాస్త ఎర్రగా ఉంటే, ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా, తీసేద్దాం’ అన్నారు. పరీక్ష లేదు, భయం మాత్రం ఉంది. అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

అందుకని అమ్మగారి బీరువాలో ఆపరేషన్ నాటి డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ (తీసిన ముక్కని ల్యాబ్‌లో చూసే పరీక్ష) రిపోర్ట్ ఉన్నాయేమో వెతికించండి. గర్భసంచితో పాటు ముఖద్వారం కూడా తీసేసి, క్యాన్సర్‌కో దాని ముందు మార్పులకో కాకుండా వేరే కారణంతో తీసి ఉంటే, ఆవిడకి ఈ పరీక్ష అక్కర్లేదు, క్యాంప్ వాళ్లకి ధైర్యంగా అదే చెప్పమనండి. ముఖద్వారం ఉంచేసి పైభాగమే తీసి ఉంటే మాత్రం పరీక్షకి అర్థముంది. కాగితం దొరక్కపోతే ఒకసారి స్పెక్యులమ్‌తో చూస్తే ఉందో లేదో తెలిసిపోతుంది. ఒకవేళ ఉంటే, క్యాంపుల్లో మామూలుగా చేసేది పలచటి వెనిగర్ పూసి, నిమిషం ఆగి తెల్లమచ్చలు వస్తాయేమో చూడటం. నర్సమ్మలు కూడా చేయగల చవకైన పరీక్ష, ముంబై మురికివాడల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో చావులని 31 శాతం తగ్గించింది కూడా. కానీ ముట్లుడిగాక మార్పులు వచ్చే చోటు లోపలికి జరిగిపోతుంది, పైకి సరిగా కనపడదు. 57 ఏళ్లకి వెనిగర్ పరీక్ష కన్నా హెచ్‌పీవీ పరీక్ష నయం, గుంటూరులో చేసే ల్యాబులున్నాయేమో కనుక్కోండి. క్యాంప్‌లో తేడా ఉందన్నా అక్కడికక్కడే ఏ ఆపరేషన్‌కీ సంతకం పెట్టొద్దని, ముందు కాల్పోస్కోపీ, బయాప్సీ అడగమని చెప్పండి. బీపీ, షుగర్, రొమ్ము, నోరు చూస్తామంటే అవి చూపించుకోవచ్చు. ఇవన్నీ చెప్పేముందు, అసలు ఆవిడకి చేయించుకోవాలని ఉందో లేదో ఫోన్‌లో ఆవిడనే అడగండి.